జాలిమును దించే హక్కు ఎవరికుంది?

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్లిళ్ల ఖర్చుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యవర్గం వారు మాకు వేరే విషయం అప్పగించారు. ఒక దేశాన్ని ఒక నియంత పీడించుకు తింటున్నాడు. అతడు పరాయి దేశానికి కూడా శత్రువు. అప్పుడు ఆ పరాయి దేశం సైన్యంతో వచ్చి అతణ్ణి దించివేయడం న్యాయమా, కాదా? ఇదీ ప్రశ్న.

ధర్మశాస్త్రం ప్రకారం దీనికి జవాబు చెప్పడానికి ఆలిములున్నారు. అది మా పని కాదు. మేము ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు చరిత్ర, భూగోళం చెప్పుకొనే వాళ్లం. మా చేతిలో ఉండేవి తారీఖులు, అట్లాసు. వాటితోనే మాట్లాడతాం. ఉదాహరణకు ముఖ్యంగా ఇరాకును తీసుకుంటాం. ఎందుకంటే ఈ విషయం మీద మనలో ఉన్నంత ఆవేశం, మనలో ఉన్నంత గందరగోళం మరే దేశం గురించీ లేదు.

మన గడప దాకా వచ్చిన యుద్ధం

ఎక్కడి బాగ్దాదు, ఎక్కడి మన ఊరు, మనకెందుకీ గొడవ అని కొందరనుకోవచ్చు. 1990 ఆగస్టు 2వ తేదీ తెల్లవారుజామున ఇరాకు సైన్యం కువైటులోకి చొరబడింది. ఆనాడు కువైటులో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో ఇక్కడ కూర్చున్న పెద్దలకు తెలుసు. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి, హైదరాబాదు పాతబస్తీ నుంచి డ్రైవర్లుగా, వంటవాళ్లుగా, ఇండ్లలో పనివాళ్లుగా పోయిన వాళ్లు. జీతాలు ఆగిపోయాయి. బ్యాంకుల్లో వేసుకున్న డబ్బు చేతికి రాలేదు. బస్సుల్లో బస్రా, బాగ్దాదు మీదుగా ఎడారి దాటుకొని జోర్డాను రాజధాని అమ్మాన్ చేరుకున్నారు. అక్కడి నుంచి ఎయిరిండియా రెండు నెలల పాటు సుమారు 500 సార్లు విమానాలు తిప్పి లక్షా పది వేల మందికి పైగా భారతీయులను ఇంటికి చేర్చింది. ప్రపంచంలో ఒక పౌర విమాన సంస్థ ఇంతమందిని తరలించిన సందర్భం అంతకు ముందు లేదు.

ఇప్పుడు దీనికి రెండో వైపు చూడండి. అవే రోజుల్లో మన బజార్లలో, టీ హోటళ్లలో సద్దాం హుసేన్ బొమ్మలు వెలిశాయి. అమెరికాకు ఎదురు నిలిచిన మగాడు అన్నారు. 1991 జనవరిలో ఇజ్రాయెల్ మీద క్షిపణులు వేసినప్పుడు మరింత పొంగిపోయారు. ఆ ఏడు పుట్టిన మగపిల్లలకు సద్దాం అని పేరు పెట్టుకున్న తల్లిదండ్రులు మనలో కూడా ఉన్నారు. ఒకే వీధిలో ఒక ఇంట్లో కువైటు నుంచి కొడుకు జాడ తెలియక ఏడుపు; ఎదురింటి గోడ మీద ఆ ఏడుపుకు కారణమైన వాడి బొమ్మ. మేమప్పుడు చిన్నపిల్లలం. పెద్దయ్యాక చరిత్ర చదువుకున్నప్పుడు ఈ రెండు దృశ్యాలూ ఒక్కచోట పెట్టి చూడవలసి వచ్చింది. ఈనాటి మా ప్రసంగమంతా ఆ రెండింటి మధ్యనే నడుస్తుంది.

అతని లెక్క

ముందుగా మనిషి సంగతి తేల్చుకుందాం. ఇరాకు 1972లో తన చమురును జాతీయం చేసుకుంది. ఆ సొమ్ముతో బడులు, ఆసుపత్రులు, రోడ్లు వచ్చాయి. ఇది నిజమే, కాదనకూడదు. 1979 జూలైలో సద్దాం అధ్యక్షుడయ్యాడు. కొన్ని రోజులకే తన సొంత పార్టీ నాయకులను ఒక సభలో కూర్చోబెట్టి, పేర్లు చదివించి, ఒక్కొక్కరినీ బయటికి పంపించాడు. వారిలో చాలామందిని కాల్చి చంపించాడు. 1980 సెప్టెంబరులో ఇరాన్ మీదికి సైన్యాన్ని నడిపించాడు. ఆ యుద్ధం ఎనిమిదేళ్లు సాగింది. రెండు వైపులా లక్షల మంది చనిపోయారు. చివరికి సరిహద్దు ఎక్కడుందో అక్కడే ఉంది. 1982లో దుజైల్ అనే ఊళ్లో తన మీద హత్యాయత్నం జరిగిందని ఆ ఊరి వాళ్లు 148 మందిని చంపించాడు. 1988 మార్చి 16న హలబ్జా పట్టణం మీద విషవాయువు బాంబులు వేయించాడు. ఒక్క రోజులో సుమారు 5,000 మంది, వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, వీధుల్లో ఎక్కడివాళ్లక్కడ పడిపోయారు. అదే ఏడు అన్‌ఫాల్ అనే పేరుతో కుర్దుల ఊళ్లను నేలమట్టం చేయించాడు. అందులో చనిపోయిన వాళ్లు 50 వేల నుంచి లక్ష వరకు ఉంటారని మానవ హక్కుల సంస్థల అంచనా.

ఈ చచ్చిపోయినవాళ్లు ఎవరు? ఇరానీలు, కుర్దులు, దుజైల్ షియాలు, కువైటీలు. అందరూ కలిమా చదివినవాళ్లే. కలిమా చదవని వాళ్లయినా జుల్మ్ జుల్మేననుకోండి. కాని మన బజారులో బొమ్మ కట్టినవాళ్లు ఈ లెక్క అడగలేదు. మన శత్రువుకు శత్రువు గదా అన్నారు. ఈ ఒక్క మాట చాటున ఎంత నెత్తురు దాగిపోయిందో చూడండి.

దించినవాళ్ల లెక్క

ఇక రెండో పక్క. 1983 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు రీగన్ పంపించిన దూత ఒకాయన బాగ్దాదు వెళ్లి సద్దాంతో చేయి కలిపాడు. ఆయన పేరు డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్. అప్పటికే ఇరాన్ సైనికుల మీద ఇరాకు విషవాయువు వాడుతున్నదన్న సంగతి అమెరికా ప్రభుత్వానికి తెలుసు. ఇరవై ఏళ్ల తర్వాత 2003లో ఇరాకు మీద యుద్ధం నడిపించిన అమెరికా రక్షణ మంత్రి కూడా ఆయనే. హలబ్జాలో శవాలు వీధుల్లో ఉన్న రోజున ఏ దేశం సైన్యమూ కదలలేదు. ఇరాన్‌కు ఎదురు నిలుస్తున్నాడు కాబట్టి అతడు అప్పుడు వాళ్లకు పనికి వచ్చినవాడు. ఇక్కడా అదే సూత్రం: మన శత్రువుకు శత్రువు గదా! మన బజారూ, వాళ్ల రాజధానీ ఒకే త్రాసుతో తూచాయి.

1991 యుద్ధం సంగతి వేరు. ఒక చిన్న దేశాన్ని పెద్ద దేశం మింగేసింది. ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి అదే రోజున దాన్ని ఖండించింది. ముందు ఆంక్షలు పెట్టింది. నాలుగు నెలలు చూసింది. నవంబరు 29న 678వ తీర్మానం చేసి, జనవరి 15 లోపల ఖాళీ చేయకపోతే బలం వాడవచ్చునని చెప్పింది. సౌదీ అరేబియా, ఈజిప్టు, సిరియా, మొరాకో, పాకిస్తాన్, బంగ్లాదేశ్ కూడా సైన్యాలు పంపించాయి. కువైటు విడుదలైంది. యుద్ధం అక్కడ ఆగింది. చమురు మీద ప్రేమ లేకపోతే అంత దూరం వచ్చేవారా అని అడగవచ్చు. అడగవలసిందే. అయినా దొంగ ఎత్తుకుపోయిన ఇల్లు ఇంటివాడికి తిరిగి వచ్చింది. మన కువైటు వాళ్లు మళ్లీ పనుల్లో చేరుకున్నారు.

అయితే ఆ యుద్ధం చివర్న ఒక ఘోరం జరిగింది. దీన్ని మనం చాలామంది గమనించలేదు. 1991 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు బుష్, ఇరాకు ప్రజలే ముందుకు వచ్చి సద్దామును దించుకోవాలని పిలుపునిచ్చాడు. మార్చిలో దక్షిణాన షియాలు, ఉత్తరాన కుర్దులు నిజంగానే తిరగబడ్డారు. సద్దాం హెలికాప్టర్లు వాళ్ల మీద నిప్పులు కురిపిస్తుంటే, పక్కనే ఉన్న అమెరికా సైన్యం చూస్తూ ఊరుకుంది. వేలకు వేలు చచ్చిపోయారు. బావిలోకి దిగమని చెప్పి తాడు కోసేసినట్టయింది. లక్షల మంది కుర్దులు కొండల్లోకి పారిపోయి చలికి చస్తుంటే అప్పుడు మేలుకొని, ఏప్రిల్‌లో ఉత్తర ఇరాకులో ఒక రక్షిత ప్రాంతం ఏర్పాటు చేశారు. ఆ పనివల్ల చాలా ప్రాణాలు నిలిచాయి. ఇది కూడా సైనిక జోక్యమేనని గుర్తుంచుకోవాలి. రాజధాని మీదికి పోలేదు, రాజును మార్చలేదు. చంపుతున్న చేయికీ చచ్చేవాడికీ మధ్య అడ్డం నిలిచింది, అంతే.

తర్వాత పన్నెండేళ్లు ఆంక్షలు. సద్దాం మహళ్లు కట్టుకుంటూనే ఉన్నాడు. మందులు, పాలపొడి కరువైంది మాత్రం బీదవాళ్ల పిల్లలకు. ఐక్యరాజ్య సమితి తరఫున అక్కడ సహాయం చూస్తున్న డెనిస్ హాలిడే అనే అధికారి, ఈ పాపంలో మేము పాలుపంచుకోలేమని 1998లో ఉద్యోగం వదిలి వెళ్లిపోయాడు. ఎద్దులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరిగాయన్న సామెత వీళ్ల కోసమే పుట్టినట్టుంది.

2003: మరునాటి సంగతి

2003 మార్చి 20న మొదలైన యుద్ధానికి చెప్పిన ముఖ్య కారణం, ఇరాకు దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలు ఉన్నాయని. ఐక్యరాజ్య సమితి తనిఖీ అధికారులు హన్స్ బ్లిక్స్ నాయకత్వాన అప్పటికి నాలుగు నెలలుగా అక్కడే వెతుకుతున్నారు. ఇంకొన్ని నెలలు కావాలన్నారు. ఇవ్వలేదు. భద్రతా మండలి కొత్తగా అనుమతి ఇవ్వలేదు. ప్రపంచంలో వందల పట్టణాల్లో జనం వీధుల్లోకి వచ్చి వద్దన్నారు; వాళ్లలో లండన్ వాళ్లు, న్యూయార్క్ వాళ్లు కూడా ఉన్నారు. మన లోక్‌సభ ఏప్రిల్ 8న ఆ యుద్ధాన్ని నిందిస్తూ తీర్మానం చేసింది. జూలైలో, సైన్యం పంపించమని అమెరికా అడిగితే వాజపేయి ప్రభుత్వం పంపించలేమని చెప్పింది. మన దేశం చేసిన మంచి పనుల్లో దీన్ని ఒకటిగా మేము లెక్కపెడతాం. ఆయుధాలా, దొరకలేదు. లేవని అమెరికా పంపించిన సొంత బృందమే 2004లో నివేదిక ఇచ్చింది.

ఏప్రిల్ 9న బాగ్దాదు పడిపోయింది. ఆ రోజు ఇరాకులో చాలామంది సంతోషించారు. కుర్దులు సంతోషించారు. అన్నదమ్ములను సామూహిక గోతుల్లో పోగొట్టుకున్న షియాలు సంతోషించారు. ఆ సంతోషం అబద్ధం కాదు; దాన్ని మనం ఇక్కడ కూర్చుని కొట్టివేయకూడదు. కాని మరునాటి నుంచి ఏం జరిగిందో చూడండి. అయిదు వేల ఏళ్ల నాగరికత వస్తువులున్న జాతీయ మ్యూజియాన్ని దొంగలు దోచుకున్నారు. సుమారు 15 వేల వస్తువులు పోయాయి. జాతీయ గ్రంథాలయం తగలబడింది. సైన్యం మాత్రం చమురు మంత్రిత్వ శాఖకు కాపలా కాసింది.

మే నెలలో అమెరికా పంపించిన పాలకుడు పాల్ బ్రెమర్ వారం తేడాలో రెండు ఉత్తర్వులు ఇచ్చాడు. ఒకటి, బాత్ పార్టీలో పైమెట్ల మీద ఉన్నవాళ్లందరికీ ప్రభుత్వ ఉద్యోగాలు రద్దు. రెండోది, ఇరాకు సైన్యం మొత్తం రద్దు. మొదటి ఉత్తర్వు గురించి మా వృత్తివాళ్లం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆ దేశంలో బడిపంతులుకు ప్రమోషను కావాలంటే, ఒక్కోసారి ఉద్యోగం నిలవాలన్నా పార్టీ చీటీ ఉండాలి. పెళ్లాం బిడ్డలను పోషించుకోవడానికి సంతకం పెట్టిన పంతుళ్లు వేల సంఖ్యలో ఒక్క కలం పోటుతో వీధిన పడ్డారు. బడుల్లో చెప్పేవాళ్లు లేకపోయారు. రెండో ఉత్తర్వుతో దాదాపు నాలుగు లక్షల మంది చేతిలో తుపాకీ, కడుపులో ఆకలి, గుండెలో అవమానం పెట్టుకొని ఇండ్లకు పోయారు. తర్వాత ఏళ్లలో నడిచిన సాయుధ ముఠాలకు మనుషులు ఎక్కడి నుంచి వచ్చారని అడగనక్కరలేదు. పదేండ్ల తర్వాత ఐసిస్ అనే పిశాచం లేచినప్పుడు దాని సేనాపతుల్లో పాత సైన్యం అధికారులు ఉన్నారు.

2006 ఫిబ్రవరిలో సమర్రాలోని అస్కరీ దర్గా గుంబజును పేల్చేశారు. షియాలు, సున్నీలు ఇరుగుపొరుగున బతికిన వీధుల్లో గోడలు లేచాయి. 2007 మార్చి 5న బాగ్దాదులో పుస్తకాల అంగళ్లుండే ముతనబ్బీ వీధిలో కారు బాంబు పేలింది. పుస్తకాలు కొనడానికి వచ్చినవాళ్లు, అమ్ముకునేవాళ్లు కాగితాలతో పాటు కాలిపోయారు. 2011 డిసెంబరులో అమెరికా సైన్యం వెళ్లిపోయేనాటికి లక్షకు పైగా పౌరులు, సుమారు 4,500 మంది అమెరికా సైనికులు చనిపోయారు. 2014 జూన్‌లో మోసుల్ పట్టణం ఐసిస్ చేతిలో పడింది. అప్పుడు అక్కడ కూలికి పోయిన మన దేశం బిడ్డలు, ఎక్కువమంది పంజాబు వాళ్లు, 39 మంది హత్యకు గురయ్యారు. వాళ్లు చనిపోయిన సంగతి ఇంటివాళ్లకు ఖాయంగా తెలియడానికి 2018 దాకా పట్టింది. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినట్టు అంటారే, అది ఇదే.

సద్దాముకు ఇన్సాఫ్ అయినా సరిగ్గా జరిగిందా? దుజైల్ కేసులో ఉరిశిక్ష పడింది. 2006 డిసెంబరు 30న, బక్రీదు పండుగ నాటి తెల్లవారుజామున ఉరి తీశారు. అన్‌ఫాల్ కేసు అప్పటికి ఇంకా నడుస్తూనే ఉంది. అంటే లక్ష మంది వరకు చనిపోయారంటున్న కుర్దుల విషయంలో అతని మీద తీర్పు వినే అవకాశమే వాళ్లకు దక్కలేదు. ఉరి కంబం దగ్గర ఎగతాళి మాటలు, ఎవరో దొంగతనంగా తీసిన ఫిల్మ్, పండుగ రోజు. జాలిముగా బతికినవాణ్ణి మజ్లూముగా చంపించారు. ఆ ఒక్క తొందరపాటుతో అతని బొమ్మలు మళ్లీ గోడల మీదికి వచ్చాయి.

మరి చూస్తూ ఊరుకోవాలా?

ఇంతవరకు విన్నవాళ్లు, అయితే పరాయి సైన్యం ఎప్పుడూ రాకూడదన్నమాట అనుకోవచ్చు. అట్లా తేల్చేస్తే హలబ్జా తల్లికి మనం ఏం జవాబు చెబుతాం? చరిత్రలో మూడు ఉదాహరణలున్నాయి. మూడూ 1970వ దశకంలోవే.

మొదటిది మన పక్కనే జరిగింది. 1971 మార్చిలో యాహ్యా ఖాన్ సైనిక ప్రభుత్వం తూర్పు పాకిస్తాన్‌లో తన ప్రజల మీదనే విరుచుకుపడింది. సుమారు కోటి మంది మన దేశంలోకి పారిపోయి వచ్చారు. డిసెంబరు 3న పాకిస్తాన్ మన విమానాశ్రయాల మీద దాడి చేసింది. 16న ఢాకాలో సుమారు 93 వేల మంది లొంగిపోయారు. కాని మన సైన్యం ఇంకా ఢాకా చేరకముందే, డిసెంబరు 7న ఐక్యరాజ్య సమితి సాధారణ సభ 104 ఓట్లతో యుద్ధం ఆపి వెనక్కి పొమ్మంది. మన వైపు పడినవి 11. చచ్చిపోతున్న బెంగాలీ ఆ ఓట్లను చూసి ఏమనుకొని ఉంటాడు? ఇక్కడ గమనించవలసిన ముఖ్య విషయం ఇంకొకటుంది. 1972 మార్చి నాటికి భారత సైన్యం ఆ దేశం వదిలి వచ్చేసింది. అక్కడి ప్రభుత్వం అక్కడివాళ్ల చేతిలోనే ఉంది.

రెండోది కంబోడియా. పోల్ పాట్ ప్రభుత్వం నాలుగేళ్లలోపే ఆ చిన్న దేశంలో పదిహేను లక్షలకు మించి జనాన్ని చావుకు గురిచేసింది. కళ్లద్దాలున్నా చదువుకున్నవాడని అనుమానించి చంపారు. ఆ దేశపు చామ్ ముసల్మానులు ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయారు. 1978 చివర్లో వియత్నాం సైన్యం వచ్చింది. 1979 జనవరి 7న పోల్ పాట్ పారిపోయాడు. హత్యాకాండ ఆగింది. అయితే వియత్నాం పదేళ్లకు పైగా, 1989 దాకా అక్కడి నుంచి కదలలేదు. చైనా, అమెరికా వియత్నాం మీది కోపంతో ఐక్యరాజ్య సమితిలో కుర్చీని పోల్ పాట్ పక్షానికే ఉంచాయి. మళ్లీ అదే త్రాసు చూడండి!

మూడోది ఉగాండా. ఇదీ అమీన్ 1972లో మన గుజరాతీలతో సహా ఆసియా వాళ్లందరికీ 90 రోజుల గడువు ఇచ్చి వెళ్లగొట్టాడు. సొంత ప్రజలను అంతకంటే ఘోరంగా చంపాడు. 1978లో పక్కనున్న టాంజానియా భూమిని ఆక్రమించాడు. టాంజానియా అధ్యక్షుడు నైరేరే, స్వయానా బడిపంతులు, అతణ్ణి తరుముకుంటూ పోయి 1979 ఏప్రిల్‌లో కంపాలా పట్టుకున్నాడు. న్యాయమైన పనే. కాని తర్వాత ఉగాండాకు నిలకడైన ప్రభుత్వం రాలేదు; 1986 దాకా అంతర్యుద్ధంలో మళ్లీ వేలాది ప్రాణాలు పోయాయి. జాలిమును దించడం ఒక రోజు పని. దేశాన్ని నిలబెట్టడం తరం పని.

ఇక అనుమతి ఒక్కటే సరిపోతుందా అంటే, 2011లో లిబియా చూడండి. భద్రతా మండలి 1973వ తీర్మానం ప్రజలను కాపాడటానికి అనుమతి ఇచ్చింది. మన దేశం ఓటు వేయకుండా పక్కకు తప్పుకుంది. ప్రజలను కాపాడటానికని వెళ్లిన విమానాలు గడాఫీని దించేదాకా ఆగలేదు. అక్టోబరులో అతడు చనిపోయాడు. దించినవాళ్లు ఇంటికి పోయారు. దేశం ముక్కలైంది, ఒక దేశానికి రెండు ప్రభుత్వాలు వచ్చాయి. కాగితం సరిగ్గానే ఉంది. మరునాటి బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

నాలుగు ప్రశ్నలు

ఈ చరిత్రంతా చూసిన మీదట మేము పదో తరగతి పిల్లలకు నాలుగు ప్రశ్నలు రాసి ఇస్తుంటాం. ఎక్కడ యుద్ధం వచ్చినా వీటితో కొలుచుకోమంటాం.

ఒకటి: చంపకం ఇప్పుడు జరుగుతున్నదా, లేక పాత బాకీ తీర్చుకుంటున్నారా? 1971లో, కంబోడియాలో జరుగుతున్నది. 1988లో హలబ్జాలో జరిగింది, అప్పుడు రాలేదు. పదిహేనేళ్ల తర్వాత వచ్చి హలబ్జా పేరు చెప్పారు.

రెండు: వేరే దారులన్నీ చూశారా? 1991లో కొంతవరకు చూశారు. 2003లో వెతుకుతున్నవాణ్ణి ఆపి మరీ తుపాకీ తీశారు.

మూడు: ఎవరి అనుమతి ఉంది? ప్రపంచ పంచాయతీ తీర్పు ఎల్లప్పుడూ న్యాయంగా ఉండదని 1971 చెబుతున్నది. అయినా ఆ కంచె లేకపోతే బలవంతుడు ప్రతివాడూ తానే పోలీసునంటాడు. కంచె దాటినవాడు మిగిలిన మూడు ప్రశ్నలకు రెట్టింపు జవాబు చెప్పుకోవాలి.

నాలుగు, అన్నిటికంటే పెద్దది: మరునాడు బడి ఎవరు తెరుస్తారు, ఆసుపత్రిలో ఎవరుంటారు, సైన్యం ఎప్పుడు వెళ్లిపోతుంది? దీనికి జవాబు లేకుండా వచ్చినవాడు జాలిమును దించడానికి రాలేదు, జాలిమును మార్చడానికి వచ్చాడు.

ఈ కొలతతో చూస్తే మా తీర్పు ఇది. నియంత దుర్మార్గుడు కావడం ఒక్కటే పరాయి సైన్యానికి హక్కు ఇవ్వదు. మనకు శత్రువు కావడం అసలే ఇవ్వదు. కళ్లెదుట ఊచకోత జరుగుతున్నప్పుడు, వేరే దారి మిగలనప్పుడు, ఆపి వెళ్లిపోయే ఉద్దేశం ఉన్నప్పుడు మాత్రమే అది క్షమించదగిన పని. క్షమించదగినదే గాని, పండుగ చేసుకోదగినది కాదు. 2003 ఇరాకు యుద్ధం ఈ నాలుగింటిలో ఒక్కదానికీ నిలవలేదు. సద్దాం ఎంత చెడ్డవాడని నిరూపించినా ఆ యుద్ధం మంచిది కాదు. ఆ యుద్ధం ఎంత చెడ్డదని నిరూపించినా సద్దాం మంచివాడు కాడు. ఈ రెండు మాటలూ ఒకే నోటితో చెప్పడం మనం నేర్చుకోవాలి.

మనకు మిగిలే పని

నోరెత్తి ఈ మాట చెప్పడం మనకు ఎందుకు కష్టమో మాకు తెలుసు. పరాయి దేశం విమానాలు ముసల్మానుల ఊళ్ల మీద బాంబులు వేస్తుంటే మనసు మండుతుంది. ఆ మంటలో ఎవడు ఎదురు నిలిచినా వీరుడిలాగే కనిపిస్తాడు. కాని వీరుణ్ణి ఎంచుకునేటప్పుడు, అతని జైళ్లలో ఎవరున్నారని ఒక్కసారి అడగాలి. అతని దేశంలో మన బిడ్డ పుట్టి ఉంటే ఎట్లా ఉండేదని అడగాలి. మన మీద జుల్మ్ జరిగినప్పుడు ప్రపంచం గొంతెత్తాలని కోరుకుంటాం. మనవాడనుకున్నవాడు జుల్మ్ చేసినప్పుడు మౌనంగా ఉంటే, రేపు మన గొంతుకు విలువ ఉండదు.

ఇంకొక సంగతి. కువైటు యుద్ధంలో నష్టపోయినవాళ్లకు పరిహారం ఇవ్వడానికి ఐక్యరాజ్య సమితి 1991లో ఒక కమిషను పెట్టింది. మన దేశం కూలీలకు కూడా ఆ డబ్బు వచ్చింది. పాస్‌పోర్టు, పని కాగితాలు దాచుకున్నవాళ్లకు పని సులువైంది. పోగొట్టుకున్నవాళ్లు తిరిగి తిరిగి అలసిపోయారు. ఆ డబ్బు ఎక్కడిది? ఇరాకు చమురు అమ్మకం నుంచి కోసుకున్నది. మొత్తం 5,240 కోట్ల డాలర్లు, చివరి కంతు 2022లో తీరింది. సద్దాం 2006లోనే పోయాడు. అతడు పోయాక పుట్టిన పిల్లలు పదిహేనేళ్లవాళ్లయ్యేదాకా ఆ బాకీ కడుతూనే ఉన్నారు. నియంత తినిపోయిన అప్పు ప్రజలే తీరుస్తారని చెప్పడానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి?

కాబట్టి గల్ఫుకు పోయే ప్రతి బిడ్డ కాగితాల నకలు మన సంఘం బీరువాలో ఒకటి ఉండే ఏర్పాటు చేయమని కార్యవర్గానికి మనవి చేస్తున్నాం. యుద్ధాలు ఆపడం మన చేతిలో లేదు. ఆ ఏర్పాటు మన చేతిలో ఉంది. మన యువకులకు మా మనవి వేరే: ఎవరి బొమ్మయినా గోడకు తగిలించే ముందు, ఆ మనిషి గురించి ఒక్క మంచి పుస్తకం చదవండి. చదివిన తర్వాత కూడా తగిలించాలనిపిస్తే అప్పుడు చూద్దాం.